చెరువు గట్టు మీద యాప్: ఓ కొట్టివేతల డైరీ

రోజు 1

భీమవరం దగ్గర ఉండి అనే ఊరి పక్కన మా బాబాయికి పదకొండు రొయ్యల చెరువులున్నాయి. నాలుగు సొంతం, మిగతావి లీజు. అన్నీ వనామీ రకం రొయ్యే. లెక్కంతా అట్ట చిరిగిన ఒక పొడుగాటి పుస్తకంలో ఉంటుంది: తెల్లారగట్ల డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే 0 నుంచి 14 లోపు అంకె, నాలుగు పూటల మేత, రొయ్య ఎంత తిందో చూడ్డానికి నీళ్లలో దించే చెక్‌ట్రేలో మిగిలింది, చల్లిన మందులు. టీ మరకలు అదనం.

"ఇదంతా ఫోన్లోకి ఎక్కించెయ్యరా, వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంట్లోనే కదా ఉంటున్నావు" అన్నాడు బాబాయి. పదేళ్లుగా డబ్బు లావాదేవీల యాప్‌లకి స్క్రీన్లు గీస్తున్నవాణ్ణి, రొయ్యల పుస్తకం ఓ లెక్కా అనుకున్నాను.

రాసేవాళ్లు ముగ్గురు. కాపలా తాత, అరవై దాటాయి. మేత వేసే కుర్రాడు, ఫోన్లో వీడియోలు తెగ చూస్తాడు కానీ ఫారాలు నింపమంటే జ్వరం వస్తుంది. ఇంటి దగ్గర గుమస్తా గారు, ఒకప్పుడు తెలుగు పంతులు. ధాన్యం లెక్కా రొయ్యల లెక్కా రెండూ ఆయన చేతిలోవే.

మొదటి రూపం తయారు. ఎవరికి ఏ ఎర్రర్ ఏ నిమిషంలో కనబడిందో ఫోన్లోనే ఒక పట్టీలో పడేలా పెట్టాను, ఆ సంగతి ముగ్గురికీ చెప్పాను. వాళ్లు చేసే తప్పులు లెక్కపెట్టాలని నా ఉద్దేశం. ఆ పట్టీ ఎవరి తప్పులు లెక్కపెట్టిందో తర్వాత తెలిసింది.

రోజు 3

సగానికి పైగా ఎర్రర్లు పీహెచ్ దగ్గరే. తాత 7.5 బదులు 75 కొడుతున్నాడు. చుక్క మీట కింద మూలన ఉంది, చేతులేమో తడి. స్క్రీన్ మీద నీటిబొట్టు పడితే అదీ ఒక నొక్కుడే. 75 పడగానే యాప్ ఎర్రటి పెట్టె ఒకటి చూపిస్తుంది: "చెల్లని విలువ. దయచేసి సరైన విలువను నమోదు చేయండి."

గట్టు మీదకి వెళ్లాను. "తాతా, ఇది వచ్చినప్పుడు నీకేం అర్థమైంది?"

"చెల్లదంటందండి. పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు విన్నానండి ఆ మాట. మన దగ్గర డబ్బుల సంగతేం లేదు కదా అని ఊరుకున్నానండి, ఆయ్."

2016 నవంబరులో ఊరంతా బ్యాంకు ముందు వరస కట్టినప్పటి మాట. ఆయన మాటలో వెటకారం ఎంతో నిజం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కానీ ఇంటికొచ్చి నా వాక్యం నేనే చదువుకుంటే నిజంగానే సిగ్గేసింది. విలువ అంటే ఈ ఊళ్లో పొలం విలువ. నమోదు అంటే కచేరీలో చేసే పని. ఇది తెలుగు లిపిలో ఉందే తప్ప ఎవరి నోటా పుట్టిన మాట కాదు.

మార్చింది: "75 అని పడింది. 7.5 ఆ?" కింద రెండు పెద్ద మీటలు: "అవును, 7.5", "మళ్లీ కొడతాను".

ఆ "పడింది" అన్న మాట దొరకడానికి ఒక సాయంత్రం పట్టింది. ముందు "మీరు 75 అని కొట్టారు" అని రాశాను. అందులో వేలు చూపించడం ఉంది. మనకి చెయ్యి జారుతుంది, నోరు జారుతుంది, కాలు జారుతుంది, అంకె తప్పు పడుతుంది. మనిషిని బోనెక్కించకుండా జరిగింది చెప్పే క్రియలు తెలుగులో బోలెడున్నాయి. స్క్రీన్లు గీసే మేమే వాటిని వాడుకోం.

రోజు 5

అసలు తప్పు కొట్టే అవకాశమే లేకపోతే పోలా అనిపించింది. పీహెచ్ గడిలో నిన్నటి అంకె ముందే నింపి, పక్కన ప్లస్, మైనస్ పెట్టాను. ఒక్కో నొక్కుకి 0.1. నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా ఎలాగూ ఉండదు కాబట్టి రెండు మూడు నొక్కుల్లో పని అయిపోతుంది.

సాయంత్రానికి ఎర్రర్ల పట్టీలో పీహెచ్ సున్నా. బాబాయికి చూపించి పొంగిపోయాను.

రోజు 9

నాలుగు రోజులుగా ఎనిమిది చెరువుల్లో పీహెచ్ 7.8. కదల్లేదు.

బాబాయి ఒక్క చూపుకే పట్టేశాడు. "పొద్దున 7.8, మధ్యాహ్నం 7.8 ఏంట్రా? ఎండెక్కితే పీహెచ్ ఎక్కాలి కదా." ఆయన చదివింది ఇంటరు. ఎండలో నీళ్లలోని ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని నాచు, కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి తిరిగి దిగుతుంది. చెరువున్నవాడికి అది సూర్యుడు తూర్పున పొడవడమంత మామూలు విషయం.

మేత కుర్రాణ్ణి అడిగితే దాచలేదు. "అంకె అప్పటికే ఉంది కదన్నా. మీరు చూసే పెట్టారనుకున్నా."

వాడి మీద నోరెత్తడానికి నాకు హక్కు లేదు. నిండిన గడి అంటే పని అయిపోయిందని చెప్పినట్టే. నేను తప్పుడు అంకెల్ని ఆపాలనుకుని, కొలవకుండా వచ్చే అంకెలకి తలుపు తీశాను. ఇది మొదటిదాని కంటే చెడ్డది: 75 చూడగానే అది తప్పని ఎవరికైనా తెలుస్తుంది, 7.8ని ఎవరూ అనుమానించరు.

గడి ఖాళీ చేశాను. నిన్నటి అంకె పక్కన లేత రంగులో, "నిన్న 7.8" అని, చూసుకోడానికి మాత్రమే. ప్లస్, మైనస్ తీసేశాను. చుక్క మీట పెద్దది చేశాను. ఆ నాలుగు రోజుల పీహెచ్ మొత్తం పక్కన పెట్టాం, దాన్ని నమ్మలేం.

రోజు 13

ఇది కాస్త వివరంగా రాసుకోవాలి.

వాయుగుండం వచ్చి మూడు రోజులుగా ముసురు. ఎండ లేదు. పగలు ప్లాంక్టన్ ఆక్సిజన్ చెయ్యాలంటే ఎండ కావాలి, రాత్రి మాత్రం ఎండ ఉన్నా లేకపోయినా అది ఆక్సిజన్ తాగుతూనే ఉంటుంది, రొయ్య తాగుతూనే ఉంటుంది. అందుకే చెరువుకి గండం ఎప్పుడూ తెల్లవారుజామునే, సూర్యుడు రాకముందు ఓ గంట రెండు గంటలు. వనామీకి డీవో 4 పీపీఎమ్‌కి, అంటే పది లక్షల్లో నాలుగు వంతులకి, పైన ఉండాలని అందరూ చూస్తారు. 3 దిగితే గుండెలో రాయి.

నేను మొదటి రోజే డీవో గడికి ఒక కాపలా పెట్టాను. 3 కంటే తక్కువ పడితే ఒప్పుకోదు. "డీవో 3 కంటే ఎక్కువ ఉండాలి" అని చెబుతుంది. అప్పట్లో అది నాకు ఎంతో తెలివైన పనిగా కనబడింది.

నిన్న తెల్లవారి నాలుగింటికి కొబ్బరిచెట్ల చెరువులో తాత మీటరు ముంచితే 2.1. యాప్‌లో కొట్టాడు. ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టాడు. ఒప్పుకోలేదు. పట్టీలో ఆరుసార్లు ఉంది, నిమిషం పది సెకన్లలో. ఏడోసారి 3.1 కొట్టాడు. అది లోపలికి వెళ్లింది. ఆకుపచ్చ టిక్కు పడింది.

ఫోను జేబులో పెట్టుకుని ఇంకో పని చేశాడు కాబట్టి సరిపోయింది: బాబాయికి ఫోన్ చేశాడు. అప్పటికే రొయ్య నీటి పైకొచ్చి గట్టు వారకి చేరుతోందట. రాత్రి కరెంటు పోయినప్పుడు ఆగిన రెండు ఏరేటర్లని, అంటే నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాల్ని, మళ్లీ ఎవరూ వెయ్యలేదు. జనరేటరు వేసి అన్నీ తిప్పారు. మేత ఆపేశారు. కాస్త పోయింది, చెరువు నిలబడింది.

పొద్దున పుస్తకం, సారీ, యాప్ తెరిస్తే కొబ్బరిచెట్ల చెరువు డీవో 3.1. ఫర్వాలేదన్నట్టు.

"తాతా, మూడు పాయింటు ఒకటి ఎందుకు కొట్టావు?"

"మూడు దాటాలందండి. దాటించానండి."

ఇంత సూటిగా ఏ ఎర్రర్ రిపోర్టూ నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఉన్నది రాయమని నేను అడగలేదు, ఉండాల్సింది రాయమన్నాను. ఆయన అదే రాశాడు. మామూలు రోజుల్లో ఎంత తప్పొచ్చినా పెద్ద నష్టం లేదు. అసలు ఏ ఒక్క అంకె కోసమైతే ఇంత యంత్రాంగమూ కట్టామో, సరిగ్గా ఆ అంకెనే గుమ్మం దగ్గర ఆపేశాను.

సాయంత్రం కూర్చుని గడులన్నీ మళ్లీ చూశాను. ప్రతిదానికీ రెండు వేరు ప్రశ్నలు: ఈ అంకె ఉండగలదా? ఈ అంకె బాగుందా? పీహెచ్ 75 ఉండలేదు, దాన్ని ఆపి అడగాలి. డీవో 2.1 బాగోలేదు, అంతే. దాన్ని మారు మాట్లాడకుండా తీసుకోవాలి, తీసుకున్నాకే అరవాలి. ఇప్పుడు 4 కంటే తక్కువ ఏది పడినా ముందు సేవ్ అవుతుంది, తర్వాత స్క్రీన్ నిండా "డీవో 2.1. ఏరేటర్లు తిరుగుతున్నాయా?" అని వస్తుంది, బాబాయికి ఫోన్ కలిపే మీటతో సహా. ఎరుపు ఒక్కటే నమ్ముకోలేదు, కొంతమంది మగవాళ్లకి ఎరుపూ ఆకుపచ్చా విడిగా తెలియవు. అక్షరాలు పెద్దవి, ఫోను వణుకుతుంది.

డబ్బు యాప్‌లలో నేను ఇన్నేళ్లూ పెట్టిన కాపలాలు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

రోజు 15

మేత. "ఎంత?" అనే గడి. కుర్రాడు 2 అని కొడతాడు, బస్తాలు. తాత 50 అని కొడతాడు, కేజీలు. రెండూ ఒకటే మేత, బస్తా పాతిక కేజీలు కాబట్టి. గుమస్తా గారు నెల లెక్క తీస్తూ ఆ 2ని బస్తాలని సరిగ్గానే పట్టుకుని 150 కేజీలు చేశారు. ఈ డెల్టాలో పుట్టిన మనిషికి బస్తా అంటే ధాన్యం బస్తా, 75 కేజీలు. ఆయన లెక్కలో తప్పే లేదు.

గడి పక్కన "బస్తాలు", "కేజీలు" అని రెండు మీటలు, ఏదో ఒకటి నొక్కితేనే ముందుకి. నొక్కగానే కింద "2 బస్తాలు, అంటే 50 కేజీలు" అని కనబడుతుంది. ఆ వెనక్కి చెప్పే వాక్యమే ఎక్కువ పని చేస్తోంది. కొట్టులో సరుకులు చెప్పినప్పుడు కొట్టతను తిరిగి అప్పజెబుతాడే, అలాగ.

రోజు 18

రోడ్డు చెరువు మేత బోరు చెరువులో పడింది. మూడుసార్లు.

వినియోగదారుల పొరపాట్ల గురించి రాసిన డొనాల్డ్ నార్మన్ లాంటివాళ్లు వాటిని రెండుగా విడదీస్తారు. అనుకున్నది సరైనదే, చెయ్యి వేరేది చేసింది: అది స్లిప్. అనుకోవడమే తప్పు: అది మిస్టేక్. తాత 75 మొదటిది, గుమస్తా గారి 150 రెండోది. మందులు వేరు కాబట్టి ఈ విభజన పనికొస్తుంది: ఒకదానికి మీట పెద్దది చెయ్యాలి, రెండోదానికి మాట మార్చాలి.

మరి ఇదేది? అరగంట కుర్రాడి వెనకాలే తిరిగాను. వాడి వేలు సరిగ్గానే వెళుతోంది. జాబితాయే కదులుతోంది. చివరగా రాసిన చెరువు పైకి వచ్చేలా నేను వరస పెట్టాను, అది సౌకర్యమనుకుని. వాడు నిన్న రెండో వరసలో చూసిన చెరువు ఇవాళ అయిదో వరసలో ఉంటోంది. వేలికి చోటే గుర్తు, పేరు కాదు.

వరస బిగించేశాను. పైనుంచి కిందకి గట్టు మీద నడిచే వరసే. ఒకటి, రెండు అంకెలు తీసి వాళ్లు పిలిచే పేర్లే పెట్టాను: రోడ్డు చెరువు, బోరు చెరువు, కొబ్బరిచెట్లు, గుడి వెనకది, కోర్టు చెరువు. చివరిదాని మీద పదిహేనేళ్ల కిందట దావా నడిచిందిలెండి.

రోజు 22

సేవ్ చేసే ముందు నేను పెట్టిన ప్రశ్న: "మీరు ఖచ్చితంగా కొనసాగించాలనుకుంటున్నారా?" పట్టీ చూస్తే అందరూ అర సెకను లోపే "అవును" నొక్కేస్తున్నారు. రోజుకి యాభైసార్లు అడిగితే అది ప్రశ్నగా మిగలదు, దారిలో ఒక రాయి అవుతుంది.

ఈ విషయంలో భయంకరమైన ఉదాహరణ థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం. 1985 నుంచి 1987 మధ్య కనీసం ఆరుగురికి అది మోతాదుకి మించి ఎంతో రేడియేషన్ ఇచ్చింది, కొందరు చనిపోయారు. అసలు కారణం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కానీ యంత్రం తెర మీద చూపించింది "మాల్‌ఫంక్షన్ 54" లాంటి మాటలు. దాని అర్థం ఆపరేటరుకి ఎవరూ చెప్పలేదు. రోజూ ఏవో ఇలాంటివి వస్తూనే ఉంటాయి కాబట్టి, ముందుకి సాగమనే మీట ఒక్కటి నొక్కడం వాళ్లకి అలవాటైపోయింది. నా "కొనసాగించాలనుకుంటున్నారా"కి ప్రాణాలు పోవు. అలవాటు మాత్రం అదే అలవాటు.

తీసేశాను. మరి తప్పు సేవ్ అయితే? దానికి జవాబు బాబాయి పుస్తకంలోనే ఉంది, ఇన్నాళ్లూ చూడలేదు. ఆ పుస్తకంలో ఎక్కడా రబ్బరు లేదు. తప్పు పడిన అంకె మీద అడ్డంగా ఒక గీత, పక్కన సరైన అంకె. పాతది కనబడుతూనే ఉంటుంది. ఎవరు కొట్టేశారో సిరా రంగు చెబుతుంది. ఆ పుస్తకం ఏ రోజూ ఎవరికీ వద్దనలేదు, ఏదీ మరిచిపోలేదు.

యాప్‌లో ఇప్పుడు ప్రతి అంకె పక్కనా "కొట్టేయ్" ఉంది. నొక్కితే గీత పడుతుంది, కొత్త గడి వస్తుంది. ఎన్ని రోజుల తర్వాతైనా. పాత అంకె గీత కింద అలాగే ఉంటుంది, ఎవరు ఎప్పుడు కొట్టేశారో సహా. ముందు దీన్ని ఆండ్రాయిడ్ టోస్టులా, కాసేపు కనబడి పోయేలా చేద్దామనుకున్నాను. పొడుగు టోస్టు కూడా ఉండేది మూడున్నర సెకన్లు. తడిచెయ్యి లుంగీకి తుడుచుకునేలోపు పోతుంది.

హవాయిలో 2018 జనవరి 13న క్షిపణి వస్తోందని అందరి ఫోన్లకీ అబద్ధపు హెచ్చరిక వెళ్లింది. అది అబద్ధమని తిరిగి ఫోన్లకి చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. పంపే సందేశం ముందే రాసి పెట్టి ఉంది, వెనక్కి తీసుకునే సందేశం రాసి లేదు. కొట్టివేత మీద నేను మూడు రోజులు ఖర్చు పెడితే "ఇంకా అవలేదా" అన్న బాబాయికి ఈ కథే చెప్పాను. "మనది రొయ్యరా" అన్నాడు.

రోజు 24

రెండు చిన్నవి.

చివరి చెరువు దగ్గర సిగ్నల్ ఉండదు. "సేవ్ కాలేదు, మళ్లీ ప్రయత్నించండి" అంటే కుర్రాడు బుద్ధిగా మళ్లీ ప్రయత్నించాడు. మూడుసార్లూ సర్వరుకి చేరాయి, జవాబే వెనక్కి రాలేదు. మేత మూడింతలు. ఇప్పుడు ఫోన్లో రాసినప్పుడే ఒక్కో నమోదుకి విడి గుర్తు పుడుతుంది, అదే గుర్తు మళ్లీ వస్తే సర్వరు పట్టించుకోదు. సిగ్నల్ సంగతి అసలు వాళ్లకి చెప్పడమే మానేశాను. "ఫోన్లో ఉంది" అని ఒక ముక్క, అంతే. ఎక్కించుకోవడం యాప్ బాధ్యత.

గుమస్తా గారు కంప్యూటర్లో ౭.౫ అని కొట్టారు. తెలుగు అంకెలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అయితే తెలుగు అంకెల్ని సంఖ్యగా తీసుకుంటుంది. నా సర్వరు రాసింది జావాస్క్రిప్ట్ అనే ఇంకో భాషలో, అది "సంఖ్య కాదు" అనేసింది. ఆయనకి ఫోన్ చేసి మామూలు అంకెలు వాడమని అడగబోయాను.

"తెలుగు యాప్ అన్నావు కదా బాబూ" అన్నారు.

పది అంకెల్ని మార్చే నాలుగు వరసల కోడ్ రాశాను. ఆయనకి మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

రోజు 31

నెల తిరిగింది. పట్టీలో ఎర్రర్లు తగ్గాయి, కొట్టివేతలు పెరిగాయి. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది. మునుపు తప్పు పడితే భయంతో ఊరుకునేవాళ్లు, ఇప్పుడు గీత గీస్తున్నారు. తాత నిన్న నేను పెట్టిన ఒక మందు పేరునే కొట్టేశాడు. "అది సున్నమండి, మందు కాదు." ఆయన చెప్పిందే నిజం.

ఇవాళ తెల్లవారుజామున కొత్తది వచ్చింది. గుడి వెనక చెరువులో డీవో 9.4. మిట్టమధ్యాహ్నం ఎండలో అయితే ఉండొచ్చు. నాలుగున్నరకి ఉంటే నమ్మబుద్ధి కాదు. అలాగని ఆపలేను, ఒకసారి ఆపి చూశాను కదా. యాప్ తీసుకుంది, తీసుకుని "ఈ వేళకి ఎక్కువగా ఉంది. ఇంకోసారి ముంచి చూస్తారా?" అని అడిగింది. తాత మళ్లీ ముంచాడు. 9.2. పక్క చెరువులో ముంచాడు, 9.3. రోడ్డు చెరువులోనూ అంతే.

అప్పుడు ఫోన్ చేశాడు. "నీళ్లన్నీ ఒకేలా ఎక్కడుంటాయండి. మీటరుకే ఏదో అయ్యిందండి."

మీటరు కొనలో ఉండే పొర పాడైతే అలాగే చూపిస్తుందంటున్నాడు బాబాయి. పొద్దున్నే భీమవరం పట్టుకెళ్లాలి. అది వచ్చేదాకా ఏం చెయ్యాలో యాప్‌లో లేదు. "మీటరు బాగోలేదు" అని రాసుకోడానికి ఒక గడి కావాలి. ఈలోపు తాత పాత పుస్తకం తీసి, డీవో వరసలో అడ్డంగా గీత గీసి, పక్కన "రొయ్య కిందే ఉంది" అని రాశాడు.